మైకుసెట్టు నుంచి పొట్టిక్కల దాకా

మా బావగారు పోయారు. మా అక్క భర్త. పొద్దున్నే నేను వీధరుగు మీద కూర్చుని పనసాకులు తడిగుడ్డతో తుడుస్తుంటే మేనకోడలు ఫోను చేసింది. "మావయ్యా, నాన్న లేవట్లేదు" అంది. ఆయన ఊరందరికంటే ముందు లేచే మనిషి. లేవట్లేదంటే నాకు అర్థమైపోయింది. ఆకులు అరుగు మీద అలాగే వదిలేసి వెళ్ళాను.

మనిషి పక్కకి తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుని ఉన్నారు. వంటింట్లో ఆ పూటకి వెయ్యాల్సిన పిండి పొంగి గిన్నె మూతని పైకి లేపేసింది. పక్కింటావిడ అది చూసి, "దీన్నేం చెయ్యమంటారండీ" అని నన్నడిగింది. అలాంటివన్నీ ఆయనే చెప్పేవారు.

తర్వాత చర్చిలో జ్ఞాపకార్థ కూటం పెట్టినప్పుడు పాస్టరుగారు, "మీరు ఆయనకి బాగా దగ్గర కదండీ, రెండు మాటలు చెప్పండి" అని మైకు నా చేతికిచ్చారు. అందరూ నా వంక చూశారు. "మంచివారండి" అని కూర్చుండిపోయాను. అక్కడ చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. ఊళ్ళో బడిలో చదివిన చదువే నాది. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

బావగారికి మా ఊరి సెంటర్లో, బస్సు ఆగే చోట, పొట్టిక్కల కొట్టు ఉంది. పొట్టిక్కంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నాలుగు పనసాకులు పుల్లలతో కలిపి చిన్న బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్క. మా కోనసీమలో ఇడ్లీ ఉన్నా సరే దీన్ని వెతుక్కుని తింటారు. పిండి, పొయ్యి, మాటలు ఆయనవి. బుట్టలు నావి. కుట్టి పట్టుకెళ్ళి, కొట్టు వెనకాల గోడవారన కూర్చునేవాడిని. ముందుకి వచ్చేవాడిని కాదు.

కూటం అయిపోయి జనం వెళ్ళాక మేనకోడలు నా పక్కన కూర్చుంది. ఆ అమ్మాయి తండ్రి ఇంట్లోనే ఉంటూ అమలాపురంలో టీచరుగా చేస్తోంది. "మావయ్యా, కొట్టు సంగతేం చేద్దాం? గది అద్దెకిచ్చినాయన అడుగుతున్నారు. సెల్‌ఫోన్లు బాగుచేసే అతనెవరో కావాలంటున్నాడంట. నువ్వు నడుపుతానంటే నాకు సంతోషమే. లేదంటే నెలాఖరుకి తాళం ఇచ్చేద్దాం" అంది.

నేను తలూపాను. దేనికి ఊపానో ఆ అమ్మాయికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. కొట్టు మూసేస్తే పొద్దున్నే నేను లేవాల్సిన పనేమీ ఉండదు. తెరవాలంటే జనం ముందు నిలబడాలి. నా భార్య పోయి చాలాకాలమైంది. మాకు పిల్లల్లేరు. మా అక్క కూడా పోయింది. రోజు మొత్తం మీద నేను మాట్లాడే మాటలు మా బావగారితోనే. ఇప్పుడు అవి కూడా లేవు.

మా అక్కని చేసుకునేటప్పటికి ఆయనకి మైకుసెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకి, తీర్థాలకి, మా చర్చిలో క్రిస్మస్‌కి ఆయనదే మైకు. నేను దింపు పనికి వెళ్ళేవాడిని. దింపంటే కొబ్బరిచెట్టెక్కి కాయ కోసి దించడం. పాట దూరం వెళ్ళాలంటే మైకు బూర ఎత్తులో ఉండాలి. మా వైపు కొబ్బరిచెట్టుకంటే ఎత్తైనదేముంటుంది. అందుకని కాళ్ళకి బందం వేసుకుని, బూర వీపుకి కట్టుకుని నేను ఎక్కేవాడిని. ఆయన కింద నిలబడి ఇటు తిప్పు, అటు తిప్పు అని చేత్తో చూపించేవారు. నేను దిగేదాకా కూడా ఆగేవారు కాదు. మైకు నోటి దగ్గర పెట్టుకుని "హలో, హలో" అనేవారు. ఆ హలో నా చెవి పక్కనుంచి వెళ్ళేది. మట్టలు అదిరేవి.

ఆ రోజుల్లో ఎంత దూరం వినపడింది అన్నదే ఆయన లోకం. పెళ్ళి ఎవరిదో, భోజనాలు ఎలా ఉన్నాయో ఆయనకి పట్టదు. మర్నాడు సైకిలేసుకుని పక్క ఊళ్ళకి పోయి, "నిన్న మా పాటలు మీకు వినపడ్డాయాండీ" అని అడిగి వచ్చేవారు. వినపడ్డాయంటే ఆ పూట మా అక్క ఏం వండినా బాగుందనేవారు.

ఒకసారి గోదావరి గట్టు మీద ఊళ్ళో పెళ్ళి. నేను చెట్టు మీద, ఆయనకి ఎదురుగా, మానుకి అవతలి వైపు ఉన్నాను. ఆయన కుడిచెయ్యి చూపించారు. నేను నా కుడివైపుకి తిప్పి గట్టిగా కట్టేసి దిగాను. బూర పందిరి వైపు కాకుండా గోదావరి వైపు తిరిగింది. పందిట్లో పాట గొణిగినట్టు వచ్చింది. యాంప్లిఫయరు పెంచారు. అయినా గొణుగుడే. ఎవరికీ అంతు పట్టలేదు. పాటలు ఆపాక మైకు ఆపడం మర్చిపోయి బావగారు భోజనానికి వెళ్ళిపోయారు. ఆ మైకు ముందే కూర్చుని మగపెళ్ళివారు మాట్లాడుకున్నారు.

మర్నాడు అవతల లంకలోంచి పడవ దిగిన రైతు నేరుగా పెళ్ళింటికి వచ్చాడు.

"అప్పడాలు చాల్లేదని వియ్యంకుడుగారు అలిగేరంట కదండీ. ఇప్పుడెలా ఉన్నారండీ?" అని అడిగాడు.

పెళ్ళికూతురి తండ్రి మా బావగారి మీద మండిపడ్డారు. బావగారు చేతులు కట్టుకుని, "తప్పేనండీ, తప్పైపోయిందండీ" అంటూ నిలబడ్డారు. ఆయన అటు తిరగగానే నా వైపు వంగి, "ఒరే బావమరిదీ, లంకలోకి అప్పడాల దాకా వినపడిందిరా" అన్నారు. ఆ సంతోషం చూస్తే నేను తప్పు కట్టినందుకు నాకు బహుమతి ఇచ్చేలా ఉన్నారు.

ఆ మైకుసెట్టుని ఆయన ఇంకెప్పటికీ వదలరనే అనుకున్నాను. కానీ ఒక వేసవిలో యాంప్లిఫయరు పాడైతే రాజమండ్రి తీసుకెళ్ళారు. బాగుచేసే ఆయన పక్కన కూర్చుని చూశారు. మళ్ళీ వెళ్ళారు. ఏ పనీ లేకపోయినా వెళ్ళారు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో బూర ఎటు తిరిగిందో చూడటం మానేశారు. వైర్లు పెట్టుకుని పందిరి మూల కూర్చునేవారు. ఎంత దూరం వినపడిందని ఎవరినీ అడిగేవారు కాదు.

"ఒరే, ఆ పెట్టెలోపల ఎంత ఉందో నీకు తెలీదు. ఇన్నాళ్ళూ బయటికి ఎంత దూరం పోద్దా అని చూసేను గాని, అసలు లోపల ఎక్కడ పుడతందో చూడలేదు" అన్నారు నాతో.

మైకుసెట్టు కొత్తపేటవాళ్ళకి ఇచ్చేశారు. "కొన్నోళ్ళు బూర కట్టడానికి వాళ్ళ మనిషిని పెట్టుకుంటార్లే. నీకు దింపు ఉండనే ఉంది కదరా" అన్నారు.

ఉండనే ఉంది. కానీ బూర కట్టడానికి ఎక్కే చెట్టు వేరు, కాయ కొయ్యడానికి ఎక్కే చెట్టు వేరు. కాయ కోసేటప్పుడు కింద నిలబడి నా వంక చూసేవాళ్ళెవరూ ఉండరు. ఆ మాట ఆయనతో అనలేదు. ఆ ఏడు క్రిస్మస్‌కి కొత్త మైకువాళ్ళు ఇనపస్తంభం పాతి దానికి బూర కట్టుకున్నారు. నేను చర్చిలో వెనక వరసలో కూర్చున్నాను.

తర్వాత ఆయన రాజోలులో రేడియో రిపేరు కొట్టు పెట్టారు. దింపు అయిపోయాక నేను సైకిలు మీద అక్కడికి పోయి బల్ల మీద కూర్చునేవాడిని. ఆయన సీసం కరిగిస్తూ మాట్లాడేవారు. నేను వినేవాడిని. "రేడియో పాడైపోదురా. లోపల ఎక్కడో ఒకటి ఇంకోదాని చెయ్యి వదిలేసుద్ది. ఆ వదిలేసింది ఎక్కడో చూసి కలపడమే మన పని" అనేవారు. కొట్లో ఆయనకి కోపం వచ్చేది కాదు, ఆకలి వేసేది కాదు. ఒకాయన రేడియో తెచ్చి, "పాటలు వస్తన్నాయండీ, వార్తలే రావట్లేదు" అంటే, "మంచిదే కదండీ, అలాగే ఉంచేసుకోండి" అన్నారు. తెచ్చినాయన రెండు రోజులు అలాగే ఉంచుకుని మళ్ళీ వచ్చి, "మా ఆవిడ వార్తలు కావాలంటందండీ" అన్నాడు.

రేడియోలు పోయి టీవీలు వచ్చాయి. అవీ నేర్చుకున్నారు. మొదట్లో ఇష్టంగానే చేశారు. తర్వాత వచ్చిన టీవీల్లో వెతికేదేమీ లేదు. లోపల కార్డు ఉంటుంది, అది తీసి ఇంకోటి పెట్టడమే. "దీనికి జబ్బు కనుక్కోవడం లేదురా. కాలు నొప్పంటే కాలు తీసేసి ఇంకో కాలు పెట్టడమే" అన్నారు. గిరాకీ బాగానే ఉంది. మనిషి మాత్రం కొట్లో కూర్చుని రోడ్డు వంక చూసేవారు. ఆ చూపు నాకు తెలుసు. పెళ్ళిపందిరి మూల కూర్చున్నప్పటి చూపే అది.

ఆ కొట్టు పక్కన ఒక ముసలమ్మ పొద్దున్నే పొట్టిక్కలు అమ్మేది. బావగారు రోజూ ఆమె దగ్గరే తినేవారు. ఆమె ఓపిక పోయి కపిలేశ్వరపురంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళిపోయాక కొన్నాళ్ళు ఆయన పొద్దున్నే ఏదీ సరిగ్గా తినలేదు. ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి పప్పు నానబోశారు.

మా అక్క గుమ్మంలో నిలబడి, "సీసం పట్టుకున్న చేతులు పిండిలో పెడతారా" అంది.

"కడుక్కున్నాను కదే."

"ముప్ఫై ఏళ్ళ సీసం ఒక్కరోజు సబ్బుతో పోద్దాండీ?"

మొదట చేసినవి నమలడానికి పళ్ళు చాల్లేదు. మా అక్క నాకు పెట్టింది. "ఒరే తమ్ముడూ, నువ్వు తిను. నువ్వైతే ఏదీ బాగాలేదని అనవు" అంది. బావగారు నా ఎదురుగా కూర్చుని, "వాడు అనడు గాని, నమిలేటప్పుడు దవడ చూస్తే తెలిసిపోద్ది. ఏంట్రా, గట్టిగా ఉందా?" అన్నారు. నాకు నవ్వొచ్చి పొలమారింది. మా అక్క నా వీపు చరుస్తూ ఆయన్ని తిట్టింది. ఆ ముగ్గురిలో ఇప్పుడు నేనే ఉన్నాను.

నెలలు పట్టింది ఆయనకి. పప్పు ఎంతసేపు నానాలి, చలికాలం పిండి ఎందుకు పొంగదు, ఆవిరి మూత ఎప్పుడు తియ్యాలి. రేడియోలో చెయ్యి వదిలేసిన చోటు వెతికినట్టే వెతికారు. కుదిరాక టీవీ కొట్టు మూసేసి, మా ఊరి సెంటర్లో గది తీసుకున్నారు. ఊళ్ళో నవ్వారు. ఇంత వయసొచ్చాక కొత్త పనేంటండీ అని అడిగారు. "పాతదాని మీద ఇష్టం పోయిందండీ. చేతులింకా పోలేదు కదండీ" అన్నారు. అందులో గొప్పేమీ పెట్టి అనలేదు. ఇంటికి తాళం వేసి వచ్చానన్నట్టు అన్నారు.

అప్పుడే నా కాళ్ళు పోయాయి. పోయాయంటే పడలేదు. ఒకరోజు సగం చెట్టు ఎక్కాక కాలు వణికింది. కాసేపు మానుని పట్టుకుని ఉండి, దిగిపోయాను. మళ్ళీ ఎక్కలేదు. బందం గూట్లో పెట్టేశాను. తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. అరుగు మీద కూర్చుని రోడ్డు మీద పోయే ఆటోలు చూసేవాడిని. పొద్దు తెల్లారడం ఒకటి, పొద్దుగూకడం ఒకటి. మధ్యలో ఏమీ ఉండేది కాదు.

ఒక సాయంత్రం బావగారు వచ్చి పనసకొమ్మ నా ఒళ్ళో పడేశారు. "ఊరికే కూర్చునే ఉన్నావు కదా. కుట్టు" అన్నారు. ఆయనే కూర్చుని చూపించారు. ఆకు వెన్ను లోపలికి రావాలి. పుల్ల అడ్డంగా గుచ్చాలి. పిండి కారకూడదు. నా చేతులు మోటు చేతులు. మొదటి రోజు కుట్టినవాటిలోంచి పిండి మొత్తం నీళ్ళలోకి కారిపోయింది. ఆయన ఇంకో కొమ్మ తెచ్చారు.

అలా కుడుతున్న రోజుల్లోనే ఒకసారి అడిగారు.

"ఒరే, నీకు చెట్టెక్కడం ఇష్టమేనేంట్రా అసలు?"

నన్ను ఆ మాట ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మా నాన్న ఎక్కాడు, నేనూ ఎక్కాను. చాలాసేపు ఆలోచించి, "పైకెళ్ళాక ఎవరూ మాట్లాడించరు కదా బావగారూ" అన్నాను.

ఆయన కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నవ్వడం అయ్యాక, "మరి దిగేక?" అన్నారు.

"దిగేక మీ కొట్టుకి వచ్చేవాణ్ణి కదండీ."

ఆయన ఒక ఆకు తీసుకుని దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు.

అక్క పోయాక మేము ఎక్కువ మాట్లాడుకోలేదు. కొట్లో వచ్చినవాళ్ళతో ఆయన మాటలు మామూలే. వెనక్కి వచ్చినప్పుడు మాత్రం ఊరుకునేవారు. ఇద్దరం టీ తాగేవాళ్ళం. సాయంత్రం ఆయన మా అరుగు మీదకి వచ్చి, చీకటి పడేదాకా కూర్చుని వెళ్ళేవారు.

ఈమధ్య పనసాకు దొరకడం కష్టమైంది. ఇళ్ళు కట్టుకునేవాళ్ళు చెట్లు కొట్టేస్తున్నారు. బావగారు గింజలు నాటడం మొదలుపెట్టారు. మొదట ఆకు కోసమే. చూస్తూ చూస్తూ ఉండగానే మనసు అటు పోయింది. ప్లాస్టిక్ సంచుల్లో మట్టి పోసి, ఇంటి వెనక వరసగా పెట్టుకున్నారు. కాలవగట్టు మీద నాటారు. పొట్టిక్కలు తిన్నవాళ్ళకి మొక్క అంటగట్టేవారు. "ఈ చెట్లు ఆకుకొచ్చేటప్పటికి మనం ఉంటామా బావగారూ" అన్నాను ఒకసారి. "ఉండకపోతే నీకు కుట్టే బాధ తప్పుద్దిలే" అన్నారు.

ఆయన మాటల్లో మొక్కలు ఎక్కువై, పిండి తగ్గింది. నాకు భయం పట్టుకుంది. అనుకున్నట్టే ఒకరోజు కొట్టు కట్టేశాక అన్నారు.

"ఒరే, ఇంక కొట్టు నువ్వు చూసుకోరా. పొద్దున్నే నేను మొక్కల దగ్గరికి పోవాలి."

"నావల్ల కాదు బావగారూ."

"ఎందుక్కాదు? ఇన్నాళ్ళూ వెనక కూర్చుని అంతా చూసేవు కదా."

"చూడ్డం వేరండీ. వచ్చినోళ్ళతో మాట్లాడాలి."

"ఎన్ని కావాలండీ, చట్నీ వెయ్యమంటారా. అంతే కదరా."

"మీరు అంతే మాట్లాడతారా?"

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. "మీకు ఒకదాని మీద ఇష్టం పోయినప్పుడల్లా నేను ఒక్కణ్ణే మిగిలిపోతున్నాను బావగారూ" అన్నాను. నా జన్మలో ఆయనతో అన్న పెద్ద మాట అదే.

ఆయన గిన్నె కడుగుతున్నారు. కడగడం ఆపేశారు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంట్రా?"

"మీరు అడగలేదు కదండీ."

"అడగలేదు" అన్నారు. గిన్నె పక్కన పెట్టారు. "ఇష్టం పోయేక కూర్చుంటే పని పాడైపోద్దిరా. నేను కూర్చోలేను. అంతేగాని నిన్ను వదిలెయ్యాలని కాదు. ప్రతిసారీ నీకు చెప్పే వెళ్ళేనా లేదా?"

"చెప్పే వెళ్ళేరు."

మర్నాడు పొద్దున్న ఆయన మొక్కల దగ్గరికి వెళ్ళలేదు. కొట్లోనే ఉన్నారు. ఆ తర్వాత కూడా రోజూ ఉన్నారు. మొక్కలకి నీళ్ళు సాయంత్రం పోసేవారు, నన్ను వెంట తీసుకెళ్ళి. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ చివరి నెలల్లో పొట్టిక్కలు ఒక్కోసారి గట్టిపడేవి. ఒక్కోసారి పిండి పులిసేది. తినేవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. నాకు తెలిసేది. ఆయన మనసు గట్టు మీద ఉంది. మనిషి నా కోసం పొయ్యి దగ్గర ఉన్నారు. నేనూ ఏమీ అనలేదు. అంటే వెళ్ళిపోతారేమోనని.

ఈసారి చెప్పకుండా వెళ్ళారు.

ఆయన పోయాక కూడా పొద్దున్నే మెలకువ వచ్చేసేది. ఏం చెయ్యాలో తెలియక బుట్టలు కుట్టేవాడిని. చేతులు వాటంతట అవే కుట్టుకుపోయేవి. పళ్ళెం నిండేది. వాటిని ఎక్కించడానికి పొయ్యి లేదు. మధ్యాహ్నానికి ఆకు రంగు మారేది, సాయంత్రానికి ముడుచుకుపోయేది. పారబోసి, మర్నాడు మళ్ళీ కుట్టేవాడిని. బుట్టలు ఎవరి కోసమన్నది ఆలోచించలేదు. ఒకరోజు మాత్రం అనిపించింది. చెట్టెక్కడం నేను ఎన్నుకున్నది కాదు. బూర కట్టడం ఆయన కోసం. ఈ కుట్టడం మాత్రం, అడిగేవాళ్ళెవరూ లేకపోయినా చేస్తున్నాను. ఇది నాకు ఇష్టమనే అనుకోవాలి. ఇంత వయసులో వచ్చింది. ఆయనకి చెబుదామంటే ఆయన లేరు.

నెలాఖరు వచ్చింది. బావగారింటికి వెళ్ళాను. మేనకోడలు బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది.

"తాళం ఇవ్వమ్మా."

"సామాన్లేమైనా తెచ్చుకోవాలా మావయ్యా? నేనూ వస్తాను ఉండు."

"సామాన్లకి కాదు. పప్పు నానబొయ్యాలి."

ఆ అమ్మాయి నా వంక చూసి, లోపలికి వెళ్ళి, తాళంతో పాటు గ్రైండరు రాయి కూడా తెచ్చిచ్చింది. "ఆ సెల్‌ఫోన్ల అతనికి నేను చెబుతాన్లే" అంది.

మొదటి రోజు పెద్దగా ఎవరూ రాలేదు. తలుపు తీసి ఉందని చూసి కొందరు ఆగారు. నేను ఆయన నిలబడే చోట నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎన్ని కావాలండీ అన్నది నాకే వినపడలేదు. వాళ్ళే వేళ్ళు చూపించారు. నేను వడ్డించాను. బల్ల మీద రోజూ తినే రిటైరైన బస్సు డ్రైవరుగారు ఉన్నారు. ఆయన తింటూ, మా బావగారు పెడుతూ రోజూ ఒకరినొకరు తిట్టుకునేవారు. ఆయన ఒకటి విప్పుకుని తిన్నారు. రెండోది సగంలో ఆగారు.

"ఉప్పు తగ్గిందండీ" అన్నారు.

అలవాటు కొద్దీ పక్కకి చూశాను. ఇలాంటివాటికి జవాబు చెప్పే మనిషి అక్కడ లేరు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి.

డ్రైవరుగారే మళ్ళీ అన్నారు. "మీ బావగారుంటే ఈపాటికి నన్నే అనేవారండీ. నీ నాలికే పాడైపోయింది, బస్సుతో పాటు అది కూడా డిపోకి ఇచ్చెయ్యాల్సింది అని."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. అందరూ నా వంకే చూస్తున్నారు. చర్చిలో మైకు ఇచ్చినప్పుడు కూడా ఇలాగే చూశారు.

"ఆయ్" అన్నాను. "రేపు సరిచేస్తానండీ."

"రేపు కూడా తీస్తారన్నమాట" అన్నారాయన.

"తీస్తానండీ."

ఆయన తలూపి, ఆ ఉప్పు తగ్గినదాన్ని పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళారు.

ఎండెక్కాక అందరూ వెళ్ళిపోయారు. పాత్ర అడుగున ఒక పొట్టిక్క మిగిలింది. పళ్ళెంలో పెట్టుకుని, తినేవాళ్ళ బల్ల మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళలో అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. అక్కడినుంచి చూస్తే పొయ్యి వెనక చోటు ఖాళీగా ఉంది. పుల్లలు తీసి ఆకులు ఒక్కొక్కటే ఒలిచాను. తెల్లటి దాని మీద ఆకు ఈనెలన్నీ అచ్చు పడి ఉన్నాయి, నడిమి ఈనె, దాని పక్కన పాయలు. వేలితో తడిమాను. ఇంకా వేడిగా ఉంది. రోడ్డు మీద రాజోలు బస్సు ఆగి, ఎవరినీ ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది. ఉప్పు నిజంగానే తగ్గింది.